తడి చెక్క, రెండొందల పళ్ళాలు

మన పెట్టెల మేస్త్రీ ఒక్క సుత్తితో రెండు దేశాల మధ్య యుద్ధం ఆపాడు. సరే, యుద్ధమంటే మరీ యుద్ధం కాదు, చేపల పడవల దగ్గర మొదలైన తగవు. ఆపడమంటే కూడా, తొమ్మిది రోజులు ఆలస్యం చేశాడంతే. సుత్తి మాత్రం నిజం.

విదేశాంగ కార్యాలయం వెనక గోడౌన్‌లో ఆయన పని. రాయబారులు పరాయి దేశం వెళ్ళేటప్పుడు వాళ్ళ సామానుకు చెక్కపెట్టెలు కట్టాలి, తిరిగొచ్చాక విప్పాలి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క గ్లాసు పగిలిన పాపాన పోలేదు. పెద్దాయన దేశాధినేతగా గద్దెనెక్కాక మేస్త్రీకి చేతినిండా పని. రాయబారుల ఉత్తరాలన్నీ ముందు పెద్దాయన బల్ల మీదికే వెళ్ళేవి. ఆయన మనసులో ఉన్నది రాసినవాడు కుర్చీలో ఉండేవాడు. కళ్ళతో చూసింది రాసినవాడికి పెట్టెలు కట్టేవారు. చివరికి నూతిలోకి కేకేసినట్టు, ఏ దేశం నుంచైనా పెద్దాయనకు తన మాటే తిరిగి వినబడేది.

ఆ ఏడాది పక్క దేశం వాళ్ళు మన జాలరులను పదకొండు మందిని పట్టుకున్నారు. వాళ్ళలో మేస్త్రీ అల్లుడొకడు. అక్కడి మన రాయబారి ఒక పెద్దావిడ. హద్దు దాటింది మనవాళ్ళేనని, మర్యాదగా అడిగితే వదిలేస్తారని రాసింది, అడగడమూ మొదలుపెట్టింది. పెద్దాయనకు అడగడం గిట్టదు. ఆవిడను వెనక్కి రమ్మని, గట్టిగా గదమాయించే మనిషిని పంపమన్నాడు. కొత్తాయన చేరేదాకా పాతావిడ కుర్చీ దిగకూడదన్నది రూలు. కొత్తాయన సామాను కట్టమని చీటీ తెచ్చిన గుమాస్తా, ఇంకో వారం ఉంటే ఆవిడ వాళ్ళను విడిపించేదేనని మేస్త్రీ చెవిన వేసి పోయాడు.

ఇంట్లో కూతురు అన్నం ముట్టడం లేదు. భార్య నిష్ఠూరమాడింది.

"అంత పెద్ద ఆఫీసులో ఉండి నీ చేతిలో ఏముందయ్యా?"

"మేకులున్నాయే," అన్నాడు మేస్త్రీ.

మర్నాడు కొత్తాయన ఇంటికి వెళ్ళాడు. ఆయన భార్య ప్రాణంలా చూసుకునే పింగాణీ పళ్ళాలు రెండొందలున్నాయి. మేస్త్రీ ఒక చెక్కను చెంపకు ఆనించుకుని పెదవి విరిచాడు.

"తడి ఆరలేదండీ. ఇప్పుడే కడితే దారిలో ఆరి మేకులు వదులవుతాయి. పళ్ళాలు పగిలితే నాదేం పోయింది, అమ్మగారికి మీరే చెప్పుకుంటారు."

కొత్తాయన పెద్దాయనకు ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగడు. ఇంట్లోనూ అంతే. ఇద్దరిలో ఎవరికి ముందు భయపడాలో ఆయన ఆట్టే ఆలోచించలేదు. ఇంకా బయల్దేరలేదేమని పైనుంచి ఫోనొస్తే, చెక్క ఆరాలండీ అన్నాడట. జన్మలో అదే మొదటిసారి ఆయన కాదనడం.

మేస్త్రీ చెక్కలు ఎండలో పేర్చాడు, తిరగేశాడు, మళ్ళీ తిరగేశాడు. ఒక్కో పళ్ళానికి పసిబిడ్డకు పొత్తిగుడ్డ చుట్టినట్టు గడ్డి చుట్టాడు. ఆ తొమ్మిది రోజులూ అక్కడ పాతావిడ అడుగుతూనే ఉంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఆఖరి మూత మీద మేకు పెట్టి నిలబడ్డప్పుడు గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. జాలరులనూ పడవలనూ వదిలేశారు. తన గట్టిదనం చూసి జడిశారని పెద్దాయన సాయంత్రం రేడియోలో చెప్పుకున్నాడు. మేస్త్రీ మూడు దెబ్బల్లో మేకు దించి, ఇంటికి వెళ్ళి కూతురి పక్కన కూర్చుని కడుపునిండా తిన్నాడు.

ఇప్పుడు అల్లుడు వేటకు వెళ్ళని రోజల్లా ఆ తొమ్మిది రోజుల కథ చెప్పమని వెంటపడతాడు. మేస్త్రీ రంపానికి నూనె రాస్తూ తలెత్తడు.

"కథా లేదు, కాకరకాయా లేదు. చెక్క తడిగా ఉంది, అంతే. లేచి ఆ పలక పట్టుకో అల్లుడూ."