అడవి దొంగ వేషం

నా చిన్నప్పుడు మా చెంచుగూడెం నల్లమలలో, శ్రీశైలం పోయే దారి నుంచి బాగా లోపలికి ఉండేది. నన్ను కింద ఊళ్ళో హాస్టలు బడిలో చేర్చారు. పులుల కోసం అడవిలో కొత్త కట్టుబాట్లు వచ్చిన కాలమది. అడవి దేశానిదనీ, అందులో వేటాడేవాడు దేశానికే దొంగ అనీ మాకొక పాఠం ఉండేది. పక్కన బొమ్మ కూడా వేశారు. గోచీ, భుజాన విల్లు. అచ్చం మా తాతయ్యే.

తాతయ్య నాకు నేర్పింది వేరు. తేనెపట్టులో పిల్లలున్న భాగం వదిలెయ్యాలి. గడ్డ తవ్వితే తీగ మొదలును మళ్ళీ పూడ్చిపెట్టాలి. పులి ఎదురైతే పక్కకు జరిగి దారి ఇవ్వాలి.

ఆ ఏడు బడిలో వన్యప్రాణుల పండగ చేశారు. సారు నాటకం రాసి, వేటగాడి వేషం నాకే ఇచ్చారు. ఆడపిల్లనని కూడా చూడలేదు. “నీకు నేర్పే పనేముంది?” అని నవ్వి, ఇంటి నుంచి నిజం విల్లు తెమ్మన్నారు. తాతయ్య సంబరపడిపోయాడు. విల్లుకు కొత్త నారి కట్టి తానే తెచ్చిచ్చి, అందరికంటే ముందు నేల మీద కూర్చున్నాడు.

నేను విల్లెత్తగానే పిల్లలు “దొంగ, దొంగ” అని అరుస్తూ కాగితం ఉండలు విసరాలి. ఎవరో మట్టిగడ్డ విసిరారు. నా నుదురు చిట్లి రక్తం కారింది. అదీ నాటకమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. తాతయ్య లేచి నా దగ్గరికి రాబోతుంటే, అతిథిగా వచ్చిన అడవి ఆఫీసరు ఆపి, ఆ విల్లు ఎవరిదని అడిగాడు.

“నాదే సామీ” అన్నాడు తాతయ్య, గర్వంగానే.

విల్లుతో పాటు ఆయన్నూ జీపెక్కించారు. మూడోనాడు వదిలితే, వాచిన పాదాలతో బడి గేటు దగ్గరికి వచ్చాడు. నేను ఏడుస్తూ ఇంటికి వచ్చేస్తానన్నాను.

“యాడికొస్తావు? ఈడ రెండు పూటలా అన్నం పెడ్తాండారు” అని నా నుదుటికి ఆకు పసరు పూశాడు. “దొంగెవరని అడిగితే మా తాతే అని చెప్పు. గట్టిగా చెప్పు, సదువు రానీ. నేనెవరో నీకు తెలుసు కదా, అది సాలు.”

పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది. తాతయ్య చెప్పినట్టే రాశాను. సారు నా వీపు తట్టి, ఆ జవాబు క్లాసంతా వినేలా చదివారు.

ఇప్పుడు మా మనవరాలు అడవి గురించి ఏదైనా అడిగితే వెంటనే చెప్పలేను. “పరీక్షకా, నీకా?” అంటాను.

“పరీక్షకే అవ్వా” అంటుంది.

పుస్తకంలో ఉన్నదే చెబుతాను.