గోడ అవతలి మోహనం

మా సన్నాయి బాబాయిగారు పోయారు. మొన్న మంగళవారం వట్లూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో రెండో పీరియడ్ ముగించుకుని బయటికి వస్తుంటే, తాడేపల్లిగూడెం నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాన్న పొద్దున కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే వెళ్ళిపోయారక్కా," అంది. మళ్ళీ తనే, "నిన్ను ఏదో అడగాలని నిన్న రెండుసార్లన్నారు. ఏవిటో చెప్పలేదు," అంది.

బస్సు భీమడోలు దాటేదాకా ఆ ప్రశ్న ఏమై ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన నాకు చుట్టం కాదు. గూడెంలో మా మేనత్తగారింటి గోడకి అవతల ఉండేవారు. పెళ్ళిళ్ళకీ గుడి ఉత్సవాలకీ సన్నాయి వాయించడం ఆయన వృత్తి. నా పదో ఏట నేనా ఇంటికి వచ్చేనాటికి ఆయనకి నలభై అయిదు దాటి ఉంటాయి. ఊపిరి బిగబట్టీ బిగబట్టీ ఎర్రబడిన కళ్ళు, పచ్చగళ్ళ తువ్వాలు, వక్కపొడి వాసన. మొదట చూసినప్పుడు భయమే వేసింది.

అంతకుముందు ఎనిమిదేళ్ళు మేము ఇథియోపియాలో ఉన్నాం. కొండల మీద ఒక చిన్న ఊళ్ళో గవర్నమెంటు స్కూల్లో నాన్నగారు లెక్కలు చెప్పేవారు. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ అక్కడే జ్వరంతో పోయింది. ఆ తర్వాత మూడేళ్ళు నన్ను సాకింది మా ఇంట్లో వంట చేసే ఒక పెద్దావిడ. అక్కడ పెద్దవాళ్ళని పిలిచినట్టే ఆవిణ్ణి 'ఎమామా' అనేదాన్ని. దేశంలో గొడవలు ముదిరాక నాన్నగారు నన్ను తీసుకుని వచ్చేశారు. ఏలూరులో ఉద్యోగం వెతుక్కుని, నన్ను మేనత్త దగ్గర పెట్టి, ఆదివారం ఆదివారం వచ్చి చూసిపోయేవారు. ఆ దేశం పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తితే నాన్నగారు కంచం ముందు నుంచి లేచిపోయేవారు.

ఒక పొద్దున నేను పెరట్లో పళ్ళు తోముకుంటున్నాను. గోడ అవతల ఆయన సాధన చేసుకుంటున్నారు. ఒకచోట స్వరాలు మెట్లు దిగినట్టు దిగి, కింద కాస్త ఆగాయి. అంతే, నాకు వాసన వచ్చింది. నిజంగానే వచ్చింది. పెనం మీద కాఫీ గింజలు వేగే వాసన, దాని వెనకాలే జామాయిల్ కట్టెల పొగ. రేకుల కప్పు మీద వాన, ఎమామా ఒడి, ఆవిడ పాడుతుంటే నా చెవికి తగిలే ఆవిడ కడుపు అదురు. "ఎమామా!" అని కేక పెట్టి, బట్టలుతికే రాయి ఎక్కి గోడ మీంచి చూశాను. బుగ్గలు పూరించుకుని బాబాయిగారు కనిపించారు.

"ఏమ్మా, జడుసుకున్నావా?" అన్నారు సన్నాయి దించి.

తల అడ్డంగా ఊపాను. నా తెలుగు విని బళ్ళో పిల్లలు నవ్వేవారు, అందుకని మాట్లాడడం బాగా తగ్గించేశాను. మాటకి బదులు ఎమామా పాట పాడాను. మాటలన్నీ వచ్చు గాని, వాటి అర్థాలు అప్పటికే ఒక్కొక్కటిగా పోతున్నాయి. ఆయన మొత్తం విన్నారు. ఇంకోసారి పాడమన్నారు. మూడోసారికి నాతోపాటు మెల్లిగా ఊదారు.

"ఇది మోహన రాగవేనమ్మా. కానీ మన మోహనం ఇక్కడ ఆగదే! ఏ భాషమ్మా ఇది?"

చెప్పాను. "అక్కడా ఉందా మోహనం!" అన్నారు. ఎప్పుడో తప్పిపోయిన చుట్టం ఆచూకీ తెలిసినట్టుంది ఆయన ముఖం.

ఇంతలో మా అత్తయ్య బయటికి వచ్చింది. "ఏవండీ, దాని చేత ఆ పాట పాడించకండి. ఆదివారం మా తమ్ముడొస్తాడు. వింటే తట్టుకోలేడండి."

"అలాగేనండి అక్కయ్యగారూ," అన్నారాయన. మాట నిలబెట్టుకున్నారు, తన పద్ధతిలో. ఆదివారాలు మోహనం జోలికి వెళ్ళేవారు కాదు. మిగతా ఆరు రోజులూ గోడ మీంచి నన్ను ప్రశ్నలడిగేవారు.

ఎన్ని ప్రశ్నలో. అక్కడ పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళేటప్పుడు ఏం వాయిస్తారు? చావింట్లో పాడతారా? పాడితే ఏ స్వరం మీద ఏడుస్తారు? శ్రుతి ఎవరు పడతారు? నేను పదేళ్ళ పిల్లనన్న సంగతి ఆయనకి గుర్తుండేది కాదు. తెలిసినవి చెప్పేదాన్ని, తెలియనివి కల్పించేదాన్ని. ఒకసారి ఏమీ తోచక, అక్కడ డోలు కొట్టేవాళ్ళు ఒంటికాలి మీద నిలబడతారని చెప్పాను. రెండు రోజులు పోయాక వచ్చి, "మా డోలాయన్ని నిలబెట్టి చూశానమ్మా, పడిపోతున్నాడు. వాళ్ళెలా నిలబడతారో మళ్ళీ ఒకసారి చెప్పు," అన్నారు. ఇక తప్పక నిజం ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. "తెలియకపోతే తెలియదనెయ్యి. అప్పుడు ఇద్దరం కలిసి ఆలోచించుకోవచ్చు," అన్నారు. ఇప్పుడు ఫిజిక్స్ క్లాసులో నేను ప్రతి ఏడాదీ మొదటిరోజు చెప్పే మాట అదే. ఎవరిదని మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.

ఆ ప్రశ్నల కోసమే నేను తెలుగు సరిగా నేర్చుకున్నాను. కాఫీ మూడుసార్లు కాచి మూడుసార్లు పోయడం, వచ్చినవాళ్ళు మూడోది తాగకుండా వెళ్తే ఎమామా చిన్నబుచ్చుకోవడం, ఇవన్నీ చెప్పాలంటే మాటలు కావాలి కదా. ఇంట్లో ఎవరూ అడగని నా ఎనిమిదేళ్ళనీ ఆయన అడిగి అడిగి, మరుగున పడిపోకుండా కాపాడారు.

ఈ అడిగే గుణం వల్ల ఆయనకి చీవాట్లూ తప్పేవి కావు. కలిదిండిలో ఒక పెళ్ళిలో, ముహూర్తానికి కాస్త ముందు, చేపల చెరువుల మీద పనికి వచ్చిన ఒక ఒరియా ఆయన పందిరి వెనక ఏదో కూనిరాగం తీస్తున్నాడట. ఈయన సన్నాయి పట్టుకునే అటు వెళ్ళిపోయారు. పీటల మీద పురోహితుడు "మేళం! మేళం!" అని అరుస్తుంటే డోలొక్కటే మోగిందట. పెళ్ళివారు నానా మాటలూ అన్నారు. మర్నాడు అదంతా నాకు చెబుతూ, "తప్పు నాదేనమ్మా. కానీ ఆ పాట రెండో ముక్క వినకుండా ఎలా వచ్చేది?" అన్నారు. నిజంగానే నన్ను అడిగారు, నేనైతే ఏం చేసేదాన్నని.

పదిహేనేళ్ళ తర్వాత నా పెళ్ళి ఏలూరులో అయింది. మేళం ఆయనదే. తలంబ్రాలు అయ్యాయి, జనం భోజనాలకి లేస్తున్నారు. నేనూ పెళ్ళికొడుకూ కుర్చీల్లో కూర్చుని ఫొటోలు దిగుతున్నాం. ఉన్నట్టుండి సన్నాయిలో ఎమామా పాట మొదలైంది. పదిమందిలో ఆయన దాన్ని వాయించడం అదే మొదటిసారి. అత్తయ్య నావైపు చూసింది, తర్వాత నాన్నగారి వైపు.

నాన్నగారు బంతిలో చుట్టాలని పలకరిస్తున్నవారు ఆగిపోయారు. తర్వాత మేళం అరుగు దగ్గరికి నడిచారు. గొడవవుతుందనే అనుకున్నాం అందరం. బాబాయిగారు ఆపలేదు గాని, ఆయన కళ్ళలో బెదురు నాకు కనిపించింది. నాన్నగారు పాట అయ్యేదాకా నిలబడి విన్నారు.

"రెండో చరణం తప్పు వాయిస్తున్నారండి," అన్నారు.

బాబాయిగారు సన్నాయి దించారు. "అమ్మాయి పాడినట్టే వాయించానండి మేష్టారూ."

"అమ్మాయికి ఆ పాట ముసలావిడ నేర్పింది. ఆవిడకి నేర్పింది మా ఆవిడ. మా ఆవిడ పాడేది ఇలా కాదు," అని నాన్నగారు గొంతు సవరించుకుని, చేతిలో నీళ్ళ చెంబుతోనే, రెండు వరుసలు పాడారు. నాన్నగారు పాడగా నేనెప్పుడూ వినలేదు. మాటలు తెలుగు మాటలు. ఎవరో ఆడమనిషి తుంగ కోసుకొస్తూ, పడవ వాణ్ణి కాస్త ఆగమంటోంది అందులో.

అమ్మది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. అక్కడి ఆడవాళ్ళు తుంగ చాపలు నేస్తూ పాడుకునే పాట అది. ఆ కొండల్లో, నాకు ఊహ తెలియని రోజుల్లో, నన్ను నిద్రపుచ్చడానికి అమ్మ అది పాడితే, వంటింట్లో ఎమామా విని వరస పట్టుకుంది. తెలుగు రాదు గనక తన మాటలు కూర్చుకుంది. తన అలవాటు చొప్పున కిందకి దిగి ఆగింది. అమ్మ పోయాక కూడా ఆపకుండా పాడింది. "అది వినలేకపోయేవాణ్ణమ్మా," అన్నారు నాన్నగారు నాతో. "పాడేది ఆవిడ. వినిపించేది మీ అమ్మ."

నేను ఏడుస్తున్నాను. బాబాయిగారు మాత్రం కుర్ర విద్యార్థిలా ముందుకి వంగారు. "అయితే మేష్టారండీ, రెండు రకాలుగానూ వాయిస్తాను. ఏది ఎవరిదో మీరు చెప్పాలి," అని మొదలెట్టారు. ఒకసారి అమ్మ పాట, ఒకసారి ఎమామా పాట. నాన్నగారు "ఊహూ, ఇక్కడ ఇంకాస్త సాగాలండి," అని చేత్తో గాల్లో గీత గీస్తూ దిద్దుతున్నారు. భోజనాలకి వెళ్ళినవాళ్ళు కొందరు ఆకుల ముందు నుంచి తల తిప్పి చూస్తున్నారు. ఆ రోజు నుంచి నాన్నగారు ఆ దేశం గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. ఇవాళ్టికీ ఆపలేదు.

పరాయి దేశానిదని పదిహేనేళ్ళు బెంగపెట్టుకున్న పాట, ఏలూరు నుంచి బస్సులో వెళ్ళొచ్చే దూరంలో పుట్టిందని తెలిసి, కొన్నాళ్ళు నాకు నవ్వూ వచ్చింది, ఏదో పోగొట్టుకున్నట్టూ అనిపించింది. ఆ మాటే బాబాయిగారితో అంటే, "అనుకుంటూ కూర్చోడం ఎందుకమ్మా, వెళ్ళి కనుక్కుందాం," అన్నారు.

వెళ్ళాం. అమ్మ ఊళ్ళో తుంగ పెరిగిన చోట చాలావరకు చేపల చెరువులే. గట్ల మీద మేత బస్తాలు, నీళ్ళకి గాలి అందించే చక్రాలు. చాపలు నేసేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అమ్మతో చిన్నప్పుడు ఆడుకున్న ఒక పెద్దమ్మ మాత్రం దొరికింది. పాట అడిగితే మొదట సిగ్గుపడింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాడింది. అది అమ్మ పాటలా లేదు. గబగబా, పని తొందరలో ఉన్నట్టు, ఎక్కడా ఆగకుండా సాగింది.

"మా అమ్మ ఇలా పాడేది కాదు కదండీ?" అన్నాను.

"మీ అమ్మా? అది దేన్నైనా సాగదీసేదే తల్లీ. దాని పాటతో చాప నేస్తే సంక్రాంతికి మొదలెట్టింది ఉగాదికి అయ్యేది," అని నవ్వింది.

తిరిగి వస్తూ బస్సులో, "అయితే అసలు పాట ఏది బాబాయిగారూ?" అనడిగాను. ఆయన "తెలియదమ్మా," అన్నారు. అంత తృప్తిగా ఆ మాట అన్న మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఫోన్లు వచ్చాక ఆ దేశపు పాటలు కావలసినన్ని దొరికాయి. ఆశగా విన్నాను. బాగున్నాయి. కానీ ఒక్కదానికీ కాఫీ గింజల వాసన రాలేదు. గూడెం వెళ్ళినప్పుడు బాబాయిగారు ఎమామా వరస నాలుగు స్వరాలు ఊదితే మాత్రం ఇట్టే వచ్చేది. అక్కడి మనుషులు అక్కడి వాద్యం మీద వాయిస్తే తెరుచుకోనిది, గూడెం సన్నాయికి ఎందుకు తెరుచుకుంటుందో నాకు అర్థం కాదు. ఆయన్నడిగితే నన్నే ఎదురు అడిగేవారు. "ఆ వాసన మొదటి స్వరానికే వస్తుందా, దిగాక వస్తుందా? జాగ్రత్తగా చూసి చెప్పు." చూసి చెప్పాను. దిగాక, ఆగినప్పుడు వస్తుంది.

మూడు నెలల కిందట పళ్ళు కట్టించుకోవడానికి ఏలూరు వచ్చారు. ముందు పళ్ళు పోయి సన్నాయి మానేసి రెండేళ్ళయిందప్పటికి. సాయంత్రం ప్యాసింజరు ఎక్కించడానికి స్టేషనుకి వెళ్ళాను. బండి ఆలస్యం. బెంచీ మీద కూర్చుని, ఆ దేశంలో ఒక పెళ్ళి ఊరేగింపు పాట ఫోన్లో పెట్టి, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకోమని ఇచ్చాను. అందులో గొట్టాలు ఊదేవాళ్ళున్నారు, ఒక్కొక్కరూ ఒక్కొక్క స్వరమే ఊదుతారు. ఆయన కళ్ళు పెద్దవి చేసి, "ఒక్కొక్కరికి ఒక్కటేనా! మిగతావి వచ్చేదాకా ఊరుకుంటారా?" అని, చెవుల్లో పాట ఉందని మరిచిపోయి స్టేషనంతా వినబడేలా అడిగారు.

బండి వచ్చింది. ఫోన్ తీసుకుని, చెయ్యి పట్టి ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చున్నారు. మడిచిన గొడుగు ఛాతీకి ఆనించుకుని ఉన్నారు. నేను జాగ్రత్తలు చెబుతున్నాను గాని ఆయన వినడం లేదు. గొడుగు కర్ర మీద వేళ్ళు, సన్నాయి రంధ్రాల మీద లాగే, మూసుకుంటూ తెరుచుకుంటూ ఉన్నాయి. బండి కదిలింది. ఎడమచేతి వేలొకటి పైకి లేచి, ఎక్కడ దిగాలో తేలక అలాగే గాల్లో ఆగి ఉంది. ప్లాట్‌ఫారం చివరిదాకా నాకు అది కనిపిస్తూనే ఉంది.