సగ్గుబియ్యం వడియాలూ, కింది సారు జనరేటరూ

మొన్న మా కోడలు గాలిని శుభ్రం చేసే యంత్రమొకటి తెచ్చి హాల్లో పెట్టింది. పొద్దస్తమానం పచ్చదీపంతో బుద్ధిగా కూర్చునే ఆ మహాతల్లి, నేను వంటింట్లో బజారు వడియాలు నాలుగు వేయించేసరికి ఎర్రదీపం వెలిగించి హోరెత్తిపోయింది. నాకు కోపం రాలేదు సరికదా, నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాను. పొగకూ వడియాలకూ మా ఇంట్లో ఉన్న పేచీ ఈనాటిది కాదు మరి.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తల్లోనే అమీర్‌పేటలో సందుసందుకూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేచాయి. మా కింది వాటాలోనూ ఒక సారు ఇన్‌స్టిట్యూట్ తెరిచారు, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ పిల్లలు పొద్దున్నే బిలబిలమంటూ వచ్చి వాలేవారు, ఆ అద్దెతోనే మా ఇల్లు గడిచేది. ఎండాకాలం కరెంటు పోతే ఆయనగారి డీజిల్ జనరేటరు సందులో దడదడలాడుతూ దారినపోయేవాళ్ళ ముఖాన పొగ కొట్టేది. అందరూ గోల పెడితే, పాపం మంచిమనిషి, పొగగొట్టాన్ని గోడవెంట మా డాబా ఎత్తుకు పెట్టించి, ఇక ఎవరికీ ఇబ్బంది లేదనుకున్నారు. డాబా మీద మా అత్తగారి రాజ్యం ఒకటుందని ఆయనకు తట్టనే లేదు.

అత్తగారిది గోదావరి జిల్లా. ఆవిడ చేతి రుచి తెలిసిన పంజాగుట్ట పెళ్ళివారొకరు విందుకు సగ్గుబియ్యం వడియాలు చేసిపెట్టమన్నారు. బయటివాళ్ళకు చేయడం ఆవిడకు అదే మొదలు, పెళ్ళి ఇంకా వారమే ఉంది. పొద్దు పొడవకముందే జావ కాచి, పాత పంచెల మీద మల్లెపూలలాంటి వడియాలు పెట్టి దిగివచ్చాం. అంతలో కరెంటు పోయింది. మధ్యాహ్నం పైకెళ్ళి చూద్దుము కదా, పంచెల నిండా మసి! మాటిచ్చి తప్పితే ఆ పెళ్ళింట తలెలా ఎత్తుకునేదని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మరుక్షణమే కొంగు బిగించి, పంచె రెండో కొస నాకు పట్టించి, తిన్నగా క్లాసులోకి నడిచి సారు బల్ల మీద పరిచేశారు.

"ఏంటండీ సారూ, మీ చదువుల మసంతా నా వడియాలకేనా?"

"తప్పైందమ్మా. గని జనరేటర్ బంద్ జేస్తే పోరగాండ్లు పక్క ఇన్‌స్టిట్యూట్‌కు పోతరు గదా," అన్నారాయన తల గోక్కుంటూ.

అదీ నిజమే. పిల్లలు పోతే ఆయన ఖాళీ చేస్తారు, ఆయన ఖాళీ చేస్తే మా పొయ్యిలో పిల్లి లేవదు. అత్తగారు కాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు: వడియాలు పెట్టిన రోజున కరెంటు పోతే జనరేటరు వేయకూడదు, నల్లబల్లను డాబా మీది మెట్లగది నీడకు తెచ్చి అక్కడే పాఠం చెప్పుకోవాలి, పిల్లలకు మజ్జిగా వేయించిన వడియాలూ తన పూచీ.

మర్నాడు మళ్ళీ పెట్టాం, మళ్ళీ కరెంటు పోయింది, క్లాసు డాబా ఎక్కింది. సారు సుద్దముక్కతో కంప్యూటరు లోపలి సంగతులు గీస్తుంటే పిల్లలు వింటూనే పావురాలను అదిలించారు. పాఠం మధ్యలో వడియాలు కరకరలాడించిన వాళ్ళను ప్రశ్నలు వేసి పట్టుకోవడం సారు తరం కాలేదు. పెళ్ళిలో ఆ వడియాలకు ఎంత పేరొచ్చిందో! అత్తగారు ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నారు, ఆవిడను అంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు. పైగా, వడియాలు పెట్టే ఇన్‌స్టిట్యూట్ ఏదని అడుగుతూ పక్క సందుల పిల్లలు కూడా వచ్చి చేరారు.

ఇప్పుడు కరెంటు పోదు, జనరేటరూ లేదు. ఆ చదువులే ఉద్యోగాలు తెచ్చాయి, ఉద్యోగాలు కార్లు తెచ్చాయి, పంజాగుట్ట దాకా బండ్లు బారులు తీరి పొగలు కక్కుతుంటాయి. మా డాబా మీద వడియాలు పెట్టి ఎన్నేళ్ళయిందో. ఈ కలిమి వద్దని నేననను, దానితోనే కదా మేమంతా ఒడ్డున పడ్డాం. కానీ ఆనాటి పొగ ఎవరిదో తెలిసేది. వెళ్ళి దెబ్బలాడితే ఆగేది, పైపెచ్చు స్నేహం కలిసేది. ఈ పొగ మీద ఎవరితో దెబ్బలాడను? గడప దాటనక్కర్లేదు, మా ఇంట్లోనే మూడు కార్లున్నాయి.