రొట్టెలు ఎవరు తింటున్నట్టు?

ఆ రోజుల్లో మా బొగ్గుబాయి క్వార్టర్ల ఆడవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉండేది, నాకేమో కథల పిచ్చి. రాయడం రాదు (సంతకం వచ్చు, అదీ వంకరగా), అందుకే నోటితోనే అల్లేదాన్ని. కొత్తగా పెళ్లయింది. మా ఆయన మొదటి షిఫ్టు చేసొచ్చి, మసి కడుక్కొని, తిని, నా కథ సగం కాకముందే గురక పెట్టేవాడు. ఆయన్ని చివరిదాకా మేలుకోబెట్టే కథ ఒక్కటైనా చెప్పాలని నా పంతం.

ఒక పెళ్లాం మగనికి రోజూ రెండు జొన్నరొట్టెలు ఎక్కువే పెడుతుంది, డబ్బా ఖాళీగా వస్తుంది, అయినా మనిషి చిక్కిపోతున్నాడు. మరి రొట్టెలు ఎవరు తింటున్నట్టు? అంతవరకే తట్టింది. మిగతాది నల్లా దగ్గర పక్కింటి అక్కకు చెప్పి చూసేదాన్ని. బాయిలో దయ్యం తింటుందంటే, "దయ్యానికి రొట్టెలేందే, థూ!" అంది. మర్నాడు దయ్యాన్ని తీసేసి పక్క ఊరు కమాన్‌పూర్‌లో ఒకామెను పెట్టాను. పెళ్లామే చెప్పుకుంటున్నట్టయితే ఇంకా బాగుంటుందని 'నేను, మా ఆయన' అంటూ ఏడుపు గొంతుతో ఎత్తుకున్నాను. అక్క బిందె నిండి పొర్లుతున్నా చూడలేదు.

"నిన్న దయ్యమని దాస్తివి గదనే చెల్లె! ఎన్ని దినాల సంది ఓర్చుకుంటున్నవే?"

"అయ్యో, కథ అక్కా!"

"అవును, అందరి ఇండ్లల్ల ఇదే కథ" అని కొంగుతో నా కళ్లు తుడిచింది.

మర్నాడు బాయిలో ఆయన డబ్బా విప్పకముందే సాటివాళ్లు చుట్టూ చేరారట. మసి మొహంతోనే ఇంట్లోకొచ్చాడు.

"ఏమే, కమాన్‌పూర్ల నాకెవరో ఉన్నదట. నాకన్న చెప్పద్దా? పండుగకు పోయొచ్చెటోన్ని!"

ఉన్నదంతా చెప్పాను. కన్ను మూయకుండా విన్నాడు.

"మరి రొట్టెలెవరు తింటున్నరే?"

"తెల్వది."

"తెల్వదేంది! నాకు నిద్ర పట్టద్దా?"

ఆ తర్వాత ఎన్ని ముగింపులు చెప్పానో. ప్రతిదానికీ "గిది గాదు" అనేవాడు. ఏదీ ఒప్పుకోకుండానే పోయాడు.

మొన్న రొట్టె చేస్తుంటే దొరికింది. పెళ్లాం చచ్చిపోయి, ఖాళీ డబ్బాతో డ్యూటీకొచ్చే ఒకతను ఉన్నాడు, ఆ రొట్టెలు అతనికి పోతున్నాయి. అప్పుడెందుకు తట్టలేదో అనుకున్నాను. ఇద్దరం ఉన్నప్పుడు ఎట్లా తడుతుంది? అయినా పొయ్యి ముందు కూర్చొని మొదటి నుంచీ పైకే చెప్పాను, ఆయన ఊ కొట్టే చోటల్లా ఆగుతూ. రొట్టె మాడిపోయింది. పిచ్చి ముసలిదాన్ని, ఆ మాడిందే నవ్వుకుంటూ తిన్నాను.