తోటలో వచ్చే రివర్సు

అశ్వారావుపేటలో ఆయిల్ పామ్ ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా నాది టీ కొట్టు. నా పేరు జోజమ్మ. ముక్కు మీదే కోపం అంటారు నన్ను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని నేనంటాను. గెలల సీజనులో ట్రాక్టర్ల వరుస నా కొట్టు దాటిపోతుంది కాబట్టి ఈ చుట్టుపక్కల ఎవడు బండి ఎట్లా నడుపుతాడో నాకు తెలుసు. చాంది పరిచయం కూడా ఆ వరుసలోనే.

చాందిది పక్క తండా. మొగుడు హీరాలాల్ ట్రాక్టరు నడిపితే తను మడ్గార్డు మీద కూర్చొని వచ్చేది. అతను బండిని వరుసలో పెట్టి బీడీ కాల్చుకోవడానికి పోగానే, నా బల్ల మీద కూర్చొని ర్యాంపు వైపే చూసేది. ర్యాంపంటే ఎత్తు గట్టు. గెలల ట్రాలీని వెనక్కి నడిపి దాని మీదికి ఎక్కించాలి. చూసేవాళ్లకు అందులో ఏముంది అనిపిస్తుంది గానీ, స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది, ఎడమకు తిప్పితే కుడికి పోతుంది. కొత్త డ్రైవర్లు చెమటలు కక్కుతారు.

"ఇప్పుడు ఎడమకు కొంచెం," అనేది చాంది తనలో తనే. అక్కడ డ్రైవరు అట్లాగే తిప్పేవాడు.

"నీకేందే గంత ధ్యాస?" అని ఒకరోజు అడిగాను.

సిగ్గుపడింది. తర్వాత చెప్పింది. తోటలో బండి నడిపేది తనేనట. చెట్ల మధ్య సందులో ట్రాలీని వెనక్కి పెట్టడం కూడా వచ్చట. నేర్పింది హీరాలాలే. కానీ తారు రోడ్డు ఎక్కే ముందు సీటు దిగమంటాడట.

"నలుగురు చూస్తే నవ్వుతరంటడక్కా. ఆడోళ్లకు కుడెడమలు తెల్వయంట."

"నీకు తెల్వయా?"

"తోటల తెలుస్తయి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నేనే నడుపుకుంటొచ్చి ఆ ర్యాంపు మీద పెట్టాల్నని ఉన్నది. పండుకున్నా అదే కలొస్తది."

చిన్నప్పుడు అన్న మోతీకి సైకిలు నేర్పిన నాయన, తను పెడలు మీద కాలు పెడితే 'ఆడపిల్లవు, దారి తప్పుతవు' అన్నాడట. అదే నాయన ఆమెను గొడ్ల వెంట అడవిలోకి పంపేవాడు. గొడ్లు మేపుతుంటే తప్పని దారి సైకిలెక్కితే ఎందుకు తప్పుతుందో ఆ మహానుభావుడికే తెలియాలి. నాకైతే ఒళ్లు మండింది. చాంది మాత్రం ఆ మాటను నమ్మీ నమ్మక దాచుకొని తిరుగుతోంది.

రెండువేల ఆరు వానాకాలంలో, భద్రాచలం దగ్గర గోదారి పొంగి బస్సులు ఆగిన రోజుల్లో, హీరాలాల్‌కు మలేరియా వచ్చింది. తోటలో గెలలు కోసి ఉన్నాయి. కోసిన గెల జల్దీ ఫ్యాక్టరీ చేరకపోతే పండు పాడవుతుంది. డ్రైవరు దొరకలేదు. దవాఖానా మంచం మీద నుంచే హీరాలాల్ "నువ్వే తీస్కపో" అన్నాడట.

ఆ పొద్దున చాంది సీటు మీద కూర్చొని వచ్చింది. వెనక ట్రాలీ నిండా గెలలు. నన్ను చూసి చెయ్యెత్తింది. ఆ ముఖం చూస్తే నా కడుపు నిండిపోయింది. కొట్టు వదిలేసి గేటు దాకా వెంట పోయాను.

ర్యాంపు దగ్గర మొదలైంది సంబడం. "జరుగుండ్రి, గోడ కూలుతది," అని ఒకడు. అందరూ నవ్వారు. రివర్సు గేరు వేయగానే "కుడికి కొట్టు" అని ఒకడు, "ఎడమకమ్మా, ఎడమకు" అని ఇంకొకడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. చాంది తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. ట్రాలీ అడ్డం తిరిగింది. ముందుకు తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ అడ్డం తిరిగింది.

పగిడయ్య అని పెద్ద డ్రైవరు, మంచివాడే, దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "దిగు బిడ్డా. ఇది ఆడోళ్లకు పట్టువడే పని గాదు. మా ఇంట్లోళ్లూ అంతే." ఆమె దిగితే తనే సీటెక్కి ఒక్క ఊపులో ఎక్కించి పెట్టాడు. ఎగతాళిని తిట్టి ఊరుకోవచ్చు. ఆ ప్రేమను ఏమనాలి?

చాంది నా బల్ల మీద కూర్చుంది. టీ ముట్టలేదు. "తోటల వస్తది గదక్కా. ఈడెందుకు రాలే?" అంది.

హీరాలాల్ కోలుకున్నాడు. ఆమె మళ్లీ మడ్గార్డు మీదికి చేరింది. కొన్నాళ్లకు ఇంకో మాట చెప్పింది. "ఇప్పుడు తోటల గూడ వస్తలేదక్కా. అప్పుడు చేతులు వాటంతటవే తిరిగేటివి. ఇప్పుడు కుడా, ఎడమా అని అడుగుతున్నయి."

ఎవరూ లేనప్పుడు ఆ ర్యాంపు మీదే ఒకసారి పెట్టించి చూడాలనుకున్నాను. ఫ్యాక్టరీ గేటు వాచ్‌మన్ మా ఆయన ఆదామే. ఆదివారం గెలలు దించుకోరు. "గేటు తీయకపోతే నీకు ఇంట్ల కూడు లేదు," అన్నాను. తీసి, "నాకేం సంబంధం లేదు," అంటూ చర్చికి పోయాడు. నేను ప్రార్థన మానేశాను. దేవుడు అర్థం చేసుకుంటాడులే అనుకున్నాను.

చాంది ఖాళీ ట్రాలీతో వచ్చింది. ర్యాంపు దగ్గర పిట్ట కూడా లేదు. "అక్కా, నువ్వు గూడ అటు తిరుగు," అంది. తిరిగి గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంజను చప్పుడు పెరిగింది, తగ్గింది, ఆగింది. "అక్కా" అని పిలిచింది. తిరిగి చూస్తే ట్రాలీ ర్యాంపు మీద గీత గీసినట్టు నిలబడి ఉంది. చాంది నవ్వుతూ ఏడుస్తోంది.

"చూసినవా?" అంది.

"నువ్వే గదనే తిరగమన్నవు."

నవ్వు ఆగిపోయింది. "ఎవ్వలు చూడకుంట వస్తే ఏం ఫాయిదా?" అంది. "మళ్ల పెడత. ఈసారి చూడు."

బండి ముందుకు తీసింది. నేను కళ్లార్పకుండా చూశాను. కుడీ అనలేదు, ఎడమా అనలేదు. సగం దాకా బాగానే వచ్చింది. అప్పుడు ఒకసారి నా ముఖం వైపు చూసింది. ట్రాలీ అడ్డం తిరిగింది. నేను ఆమెను చూసి నవ్వేదాన్నా? నా కళ్లలో కూడా ఆ రోజు నవ్వినవాళ్లే కనిపించారా ఈ పిల్లకు? నాకు దుఃఖం ఆగలేదు.

"నేను అటు తిరగనా?" అన్నాను.

చాంది కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వద్దక్కా. చూస్తనే ఉండు," అని మళ్లీ బండిని ముందుకు తీసింది.