కంప్యూటర్‌కు చీటీలు తీసిన రోజు

1987 వేసవి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వెనక సందులో, ఒక బట్టల కొట్టు మీది అంతస్తులో మా ఆఫీసు ఉండేది. ఆఫీసంటే రెండు గదులు. ముందు గదిలో పొద్దున్నా సాయంత్రం టైపు నేర్చుకునే పిల్లల టకటకలు. వెనక గదిలో బల్ల మీద ముసుగు వేసుకుని కూర్చున్న మా ఒక్కగానొక్క కంప్యూటర్. ఆ గదికి కూలర్ ఉంది, గుమ్మం దగ్గర చెప్పులు విడవాలన్న నియమమూ ఉంది. చెప్పులు విడిచి లోపలికొచ్చిన వాళ్లలో కొందరు, ఎందుకైనా మంచిదని దణ్ణం కూడా పెట్టేవారు.

మా యజమాని మూర్తిగారు తెనాలి వైపు నుంచి వచ్చి టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మనిషి. టైపుకు రోజులు చెల్లిపోతున్నాయని ఎవరో చెబితే హడలిపోయి కంప్యూటర్ కొన్నారు. టైపు మిషన్లు మాత్రం అమ్మలేదు. "ఇది నిలుస్తుందో లేదో చూద్దామమ్మా శారదా" అనేవారు.

ఆ మాటకొస్తే నా చదువూ అలాగే ఉండేది. అంతకుముందు ఒక పెద్ద సంస్థలో పంచ్ కార్డుల మీద పని చేశాను. అట్టముక్కలకు చిల్లులు పొడిచి, ఆ చిల్లులతో కంప్యూటర్‌కు లెక్కలు చెప్పడమన్నమాట. తప్పు లేకుండా పొడవడం వచ్చేసరికి కార్డులే పోయాయి. తర్వాత కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. అది చేతికి వచ్చేసరికి బల్ల మీద పట్టే పీసీలు దిగాయి, వాటికి బేసిక్ అని మరో భాష. అద్దె కొంపలో సామాను సర్దుకోవడం అయిందో లేదో, ఇంటాయన వచ్చి ఖాళీ చేయమన్నట్టుండేది నాకు. బేసిక్‌ను పుస్తకం ముందేసుకుని సొంతంగా నేర్చుకుంటున్న రోజుల్లో యాదగిరిరెడ్డిగారు వచ్చారు.

ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక ఆయనకు తాతల నాటి ద్రాక్షతోట ఉండేది. తీగలు తీయించి, ప్లాట్లు వేయించి, ఒక సొసైటీకి అధ్యక్షుడయ్యారు. సభ్యుల్లో సగం మంది ఆ ఊరివాళ్లు, సగం మంది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడుతున్న ఉద్యోగులు. ప్లాట్లన్నీ ఒకే కొలత, ఒకే ధర. ఎవరికి ఏది అన్నదే పేచీ. రోడ్డు పక్కవి అందరికీ కావాలి, మురుగు పారే నాలా పక్కవి ఎవరికీ అక్కర్లేదు.

"పోయినేడు చీటీలేసినమమ్మా" అన్నారు రెడ్డిగారు, చెప్పులు విడిచి భయంగా కుర్చీ అంచున కూర్చుంటూ. "మంచి ప్లాటు చీటీ ఐసుల పెట్టిన్రు, చెయ్యి పెడితే సల్లగ తగుల్తది, గట్ల నా మనుషులు పట్టుకున్నరు అని లొల్లి జేసిన్రు. మా మీద ఒట్టు, ఐసు లేదు, ఏం లేదు. డ్రా ఆగిపోయింది. ఈసారి గూడ ఆగితే సొసైటీ ఉండదు, పంచాయితీలే ఉంటయి. గందుకే మనిషి చెయ్యి తగలకుండ కంప్యూటర్‌తోని చెయ్యాలె. అయితదా?"

"అయిపోతుందండీ!" అన్నారు మూర్తిగారు, నేను నోరు తెరిచేలోపు.

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అనే మాట అప్పటికి నేను వినలేదు. దాని బాధలన్నీ మాత్రం ఆ నెలలోనే అనుభవించాను. ఎంత కాలం పడుతుందని మూర్తిగారు అడిగితే నెల అన్నాను. ఆయన అందులో సగానికి బేరం కుదుర్చుకుని వచ్చారు. రెడ్డిగారు ఆ సగం కూడా చూడకుండా, పంతులుగారిని అడిగి డ్రాకు ముహూర్తం పెట్టించి, సభ్యులందరికీ కబురు చేసేశారు. నేను ఇంకా మొదటి లైను రాయలేదు.

రాయడం మొదలుపెట్టాక రెడ్డిగారు రోజూ రావడం మొదలుపెట్టారు. "అమ్మా, అన్నదమ్ములకు పక్కపక్కన రావాలె, జర గిది గూడ ఎక్కియ్యి." మర్నాడు, "గా ఇద్దరికి మాటల్లేవమ్మా, పక్కపక్కన రావొద్దు." ఆ పై రోజు, "గా ఇద్దరు అన్నదమ్ములే, నిన్న చెప్పుడు మరిచిన." ఇలా పని జరుగుతుండగా కోరికలు పెరగడాన్ని మా వృత్తిలో స్కోప్ క్రీప్ అంటారని చాలా ఏళ్లకు తెలిసింది. అప్పుడు మాత్రం దాన్ని నేను యాదగిరిరెడ్డిగారు అనుకునేదాన్ని.

మొత్తానికి ఆ కోరికలేవీ ఎక్కించకుండానే ముహూర్తం ముందురోజుకు ప్రోగ్రాం తయారైంది. సభ్యుడి పేరు తెర మీదికి వస్తుంది. మిగిలిన ప్లాట్లలోంచి ర్యాండమ్‌గా, అంటే ఏ వరుసా లేకుండా, కంప్యూటర్ ఒకటి ఎంచి ఆ పేరు పక్కన చూపిస్తుంది. నేను ఉత్తుత్తి పేర్లతో, రోజుకో రకంగా పరీక్షించి చూశాను. బాగానే నడిచింది. ఆఖరున అసలు పేర్లు ఎక్కించి రెడ్డిగారికి చూపించాం. ఆయన వెంట బామ్మర్ది నర్సింహారెడ్డి వచ్చాడు. భారీ మనిషి, అంతకన్నా భారీ గొంతు.

నర్సింహారెడ్డి పేరు వచ్చింది. పక్కన నాలా ఒడ్డు ప్లాటు.

"నాకా? నాలానా?" అని అతను కుర్చీలోంచి లేచాడు.

"ఇది ఉత్త రిహార్సలేనండీ, రేపు మళ్లీ కొత్తగా వస్తుంది" అన్నాను.

"పక్కానా?"

"పక్కా" అన్నాను.

మర్నాడు కంప్యూటర్‌ను రిక్షాలో తీసుకెళ్లాం. మానిటర్‌ను దుప్పటిలో చుట్టి పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని నేను, పక్కనే స్కూటర్ మీద "గుంతా! గుంతా!" అని అరుస్తూ మూర్తిగారు. ద్రాక్షతీగలు పోయినా తోటలో వాటిని పాకించిన రాతి కడీలు ఇంకా అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. వాటి మధ్య షామియానా, టెంటు హౌసు నుంచి కిరాయికి తెచ్చిన జనరేటర్, మైకు, మంచినీళ్ల బిందెలు. ఆడవాళ్లు, పిల్లలు, టిఫిన్ డబ్బాలు. రెడ్డిగారు కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్లు కీబోర్డు మీద పడకుండా నా చున్నీ అడ్డం పెట్టాను.

తెర చిన్నది కాబట్టి మూర్తిగారు మైకులో చదివారు. పేరు, ప్లాటు, చప్పట్లు. పేరు, ప్లాటు, చప్పట్లు. ఆయన గొంతులో ఎన్నికల ఫలితాలు చెప్పేంత దర్జా వచ్చేసింది. అంతలో, "నర్సింహారెడ్డి! నాలా పక్క..."

"ఆపుండ్రి!" అని షామియానా వెనక నుంచి గర్జన. "నిన్న గూడ నాకు గదే వచ్చింది! పక్కా అని చెప్పింది గీ అమ్మ! అంత ముందే రాసి పెట్టిన్రు!"

ఇక చూడాలి. నిన్న అంటే ఏమిటని కోస్తావాళ్లు లేచారు. నిన్న వీళ్లెక్కడికి పోయారని ఊరివాళ్లు లేచారు. బ్యాంకు ఉద్యోగి ప్రసాదరావుగారు అందరికన్నా ముందుకొచ్చారు. "ముందురోజే ఎవరికేదో తెలిసిపోయాక, ఇంక మమ్మల్ని పిలవడం ఎందుకండీ? కొబ్బరికాయ తినిపోడానికా?" జనం బల్ల వైపు కదిలారు. మూర్తిగారు మైకు వదిలేసి రెండు చేతులతో మానిటర్‌ను కావలించుకున్నారు. దండ ఆయన మెడలోకి వచ్చింది.

ప్రోగ్రాంను మళ్లీ మొదటి నుంచి నడిపించాను. అవే పేర్లకు అవే ప్లాట్లు. ఇంకోసారి నడిపించాను. అవే. అప్పుడు అర్థమైంది. కంప్యూటర్ దేన్నీ ఎంచడం లేదు. దాని లోపల ఎప్పుడూ ఒకే వరుసలో సాగే అంకెల దండ ఒకటుంది, ప్రతిసారీ దాన్నే మొదటి పూస నుంచి తిప్పుతోంది. ఆ వరుస మారాలంటే ర్యాండమైజ్ అనే ఆదేశంతో దానికి ఒక మొదటి అంకె ఇవ్వాలి. దాన్ని సీడ్ అంటారు. పుస్తకంలో ఆ పేజీ నేను చూశాను. మన పనికి అవసరం లేదనుకుని తిప్పేశాను.

మైకు తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. రెడ్డిగారు మాత్రం దగ్గరికొచ్చి, "సీడ్ అంటే విత్తనమే గదమ్మా?" అన్నారు.

"అవునండి."

ఆయన జనం వైపు తిరిగారు. "ఇనుండ్రి! మోసం ఏం లేదు. గీ మిషన్ల దినాం ఒకటే ఇత్తనం ఏసిన్రు, గదే పంట మళ్ల మళ్ల వచ్చింది. ఇప్పుడు మన ఇత్తనం మనమేద్దాం." జనంలో సగం మందికి ఒక్క ముక్కలో అర్థమైపోయింది. వాళ్లంతా తోటలు పండించినవాళ్లు. నేను నీళ్లు నమిలి చెప్పలేకపోయిందల్లా ఆయన నిలబడి చెప్పేశారు.

అందరి ముందూ ప్రోగ్రాంలో ఆ ఒక్క లైను చేర్చాను. నడిపించగానే తెర మీద, ఒక అంకె ఇవ్వమన్న ప్రశ్న వచ్చింది. ఆ అంకె ఎవరు ఇవ్వాలి?

"మా ఇంటి నంబరు పెట్టండి!" "నా స్కూటర్ నంబరు!" "తొమ్మిది, తొమ్మిది, అన్నీ తొమ్మిదులు!" రగడ ఇంకో రూపంలో మొదలైంది. ఇవాళ్టి తేదీ వేద్దామని నేను అంటే ప్రసాదరావుగారు వేలెత్తారు. "ఇవాళ తేదీ ఏమిటో మీకు నిన్నే తెలుసు కదమ్మా. ఆఫీసులో వేసి చూసుకుని రావచ్చు." ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం.

రెడ్డిగారు మంచినీళ్ల బిందెల వైపు చూసి, "ఒక బిందె ఖాళీ చెయ్యుండ్రి" అన్నారు. "సున్న నుంచి తొమ్మిది దాక చీటీలు రాసి ఏద్దాం. నలుగురు వచ్చి తలా ఒకటి తీస్తరు. గా నాలుగంకెలు మిషన్ల కొడుదం."

"చీటీలు వద్దనే కదండీ కంప్యూటర్ తెచ్చింది!" అన్నారు మూర్తిగారు దీనంగా, మెడలో దండతోనే.

"చీటీ మనకు గాదు సారూ. కంప్యూటర్‌కు తీస్తున్నం."

ఎవరూ నవ్వలేదు. నేను నవ్వబోయి ఆగాను. ఏ అంకె పడితే ఎవరికి లాభమో ఆ షామియానా కింద ఒక్కరికీ తెలియదు. అలాంటప్పుడు చీటీని ఐసులో పెట్టినా, పొయ్యి మీద పెట్టినా ఒరిగేదేమీ లేదు. ప్రసాదరావుగారు కూడా లెక్క వేసుకుని తల ఊపారు. అయినా ఊరుకోకుండా, చీటీలన్నీ ఒక్కొక్కటే చెంపకు ఆనించి చల్లగా లేవని నిర్ధారించుకున్నాకే బిందెలో వేయనిచ్చారు.

ఊరివాళ్ల తరఫున ఇద్దరు, కోస్తావాళ్ల తరఫున ఇద్దరు తీశారు. వాళ్లలో నర్సింహారెడ్డి ఒకడు, ప్రసాదరావుగారు ఒకరు. నన్ను కీబోర్డుకు దూరంగా నిలబెట్టి, ప్రసాదరావుగారే ఒంటి వేలితో ఆ నాలుగంకెలూ కొట్టారు. పేర్లు రావడం మొదలైంది. ప్లాట్లన్నీ మారిపోయాయి.

పడమటి వాకిలి ప్లాటు చచ్చినా తీసుకోనని ముందునుంచీ చెబుతున్న ప్రసాదరావుగారికి పడమటి వాకిలి ప్లాటే వచ్చింది. ఆయన నోరు తెరవబోతే, పక్కనే ఉన్న భార్య "మీ చేత్తోనే తీశారు, మీ చేత్తోనే కొట్టారు. ఇంక ఎవరిని అంటారు?" అంది. ఆయన వెళ్లి కూర్చున్నారు.

కాసేపటికి మూర్తిగారు తడబడుతూ చదివారు. "నర్సింహారెడ్డి... నాలా... అవతలి ఒడ్డు."

అందరూ అతని వైపు తిరిగారు. నేను కళ్లు మూసుకున్నాను. అతను నాలా వైపు చూసి, ఒక్కసారిగా నవ్వాడు. "ఇగ ఇది నిజమైన డ్రానే బావా. అధ్యక్షుని బామ్మర్దికి రెండుసార్లు మోరి పక్కనే వచ్చిందంటే మోసం ఎట్లయితది?" అన్నాడు. షామియానా కూలిపోతుందేమో అన్నట్టు నవ్వారు జనం. ఆ తర్వాత ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. చీకటి పడకముందే డ్రా అయిపోయింది.

కొద్ది రోజులకు బడంగ్‌పేట్ వైపు నుంచి ఇంకో సొసైటీవాళ్లు వచ్చారు. "మాకు గూడ గా బిందె కంప్యూటరే కావాలె, ఉత్తది వద్దు" అన్నారు. మూర్తిగారు బజారుకెళ్లి ఆఫీసు ఖర్చుతో ఒక స్టీలు బిందె కొన్నారు. దాన్నీ కంప్యూటర్ పక్కనే ముసుగేసి ఉంచేవాళ్లం.

ఆ తర్వాత నేను చాలా భాషలు నేర్చుకున్నాను, చాలావాటిని మరిచిపోయాను. పెద్ద కంపెనీల్లో పెద్ద బృందాలను నడిపాను. పని నడిపే పద్ధతులకు కొన్నేళ్లకోసారి కొత్త పేర్లు వచ్చేవి, వాటి మీద తరగతులకు పంపేవారు, వెళ్లి శ్రద్ధగా రాసుకునేదాన్ని. కానీ ఏ ప్రాజెక్టు మొదలుపెట్టినా కుర్రాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న మాత్రం ఆ షామియానా కింద నేర్చుకున్నదే. "ఈ ఫలితం ఎవరికి నచ్చదు? అతనికి ఇది ఎలా వచ్చిందో మనం చూపించగలమా?" చాలామంది ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందని చూపిస్తారు. సరిగ్గా నడవడం మన సంగతి. డ్రాలో ఓడినవాడు కూడా నవ్వుకుంటూ ఇంటికి వెళ్లగలిగితేనే పని పూర్తయినట్టు నేను సంతకం పెడతాను.