మొదటి చోటు, కుడి మోకాలు

2025 ఫిబ్రవరి పద్దెనిమిది, మంగళవారం, ఉదయం పదకొండూ ఇరవై. కల్లంలో ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ గొంతుకూర్చుని ఉన్నాను. అలా కూర్చుని అప్పటికి మూడు గంటలా పది నిమిషాలు. మంచినీళ్ళకని లేవబోతే కుడి మోకాలిచిప్ప కింద ఏదో గీసుకున్నట్టయింది. సగం లేచి మళ్ళీ కూలబడ్డాను. చివరికి రెండు చేతులూ నేలకు ఆనించి, పాకుతూ పోయి, నీళ్ళ డ్రమ్ము పట్టుకుని లేచాను.

నా పక్కనే మా తోడికోడలు ఉంది. మా మరిది భార్య, నాకంటే నాలుగేళ్ళు చిన్న. అప్పట్లో రోజూ సాయంత్రం టీకి మా ఇంటికే వచ్చేది. చెయ్యి అందించలేదు. వరసలో ఉన్న పద్నాలుగు మంది కూలి ఆడవాళ్ళకూ వినపడేలా అంది:

"చూడండే, మా అక్క ఏనుగు లేసినట్టు లేస్తంది!"

పద్నాలుగు మందిలో పదకొండు మంది నవ్వారు. నవ్వని ముగ్గురు ఎవరో నాకు గుర్తుంది. నవ్వినవాళ్ళు ఇంకా బాగా గుర్తున్నారు.

నకరికల్లు దగ్గర మా ఊళ్ళో మాదీ మరిదిదీ, రెండిళ్ళ పంటకూ ఒకటే కల్లం, ఒకటే వరస. వరసలో మొదట పెద్దింటి ఆడమనిషి కూర్చోవాలి. ఆమె చెయ్యి ఎంత వేగంగా ఆడితే వరస అంత వేగంగా సాగుతుంది. ఆమె లేస్తేనే మిగతావాళ్ళు లేస్తారు. పీట వేసుకుంటే ఒళ్ళు వంగదని చెప్పుకుంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ మొదటి చోటు నాది. అది పోకూడదని నొప్పితోనే మరో తొమ్మిది రోజులు గొంతుకూర్చున్నాను. అది మొదటి తప్పు. పదో రోజు కాలు మడత పడలేదు. ఆ మధ్యాహ్నమే మా తోడికోడలు నా చోటికి జరిగింది.

"నువ్వింక ఇంట్లో పడుకోక్కా. నేను చూసుకుంటాగా," అంది, చానా తియ్యగా.

పడుకున్నాను. అది రెండో తప్పు. ఆముదం రాసి, గుడ్డ కట్టుకుని, నలభై రోజులు మంచం దిగలేదు. దిగాక చూస్తే నొప్పి అలాగే ఉంది. పైగా మెట్టు దిగబోతే మోకాలు దానంతటదే వంగిపోతోంది.

ఏప్రిల్ పదకొండున నరసరావుపేట వెళ్ళాను. అక్కడ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి టేపు తీసి రెండు తొడలూ కొలిచింది. ఎడమది నలభై ఒకటి, కుడిది ముప్ఫై ఎనిమిదిన్నర సెంటీమీటర్లు.

"మోకాలు అరిగింది కొంచెమే మామ్మా. పడుకుని పడుకుని తొడ కండ పోగొట్టుకున్నారు. పూర్తిగా మడిచి కూచుంటే చిప్ప తొడ ఎముక మీద గట్టిగా ఒత్తుకుంటది. గంటలకొద్దీ అట్టా ఉంటే నొప్పి రాక ఏం చేస్తది? ఆ బరువు కండ మొయ్యాల."

"అయితే గొంతుకూర్చోవద్దా?"

"ఇప్పుడొద్దు. ఎత్తు మీద కూచోండి, అరగంటకోసారి లేచి నడవండి. అట్టాగని మంచమెక్కారో, మళ్ళీ నా దగ్గరికే వస్తారు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"తొందరేంది, ఏమన్నా పందెం కట్టారా?"

కట్టానని చెప్పలేదు.

మూడు పనులు నేర్పింది. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, ఐదు లెక్కపెట్టేదాకా కిందికి నొక్కడం. కాలు చాచి జానెడెత్తు లేపడం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికీ తగ్గకపోతే సగానికి తగ్గించమంది. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినా వెంటనే రమ్మంది.

కొన్నాళ్ళు పదే చేశాను. నొప్పి లేదని తేలాక పన్నెండు చేశాను. నవ్విన పదకొండు మందికి తలా ఒకటి, పన్నెండోది మా తోడికోడలికి. కాలు లేపినప్పుడల్లా ఎవరి లెక్క వస్తే వాళ్ళ మొహం తలుచుకుంటే కండ దానంతటదే బిగుసుకునేది. "ఆ లెక్కేదో దేవుడి పేరు మీద పెట్టుకోరాదూ?" అన్నాడు మా ఆయన. నాకు దేవుడి మీద కోపం లేదు. నవంబరు ఆఖరికి కుడి తొడ నలభైన్నరకు వచ్చింది.

ఈ ఏడు ఫిబ్రవరి పదిన మళ్ళీ కల్లం. సిమెంటు ఇటుకలు పేర్చి, మీద చెక్కలు వేయించి, మా వాటా కాయలు వాటి మీద పోయించాను. చుట్టూ ప్లాస్టిక్ స్టూళ్ళు వేశాను. ఎవరినీ పిలవలేదు. మొదటి రోజు తొమ్మిది మంది నా వైపుకొచ్చారు, రెండో రోజుకు పదమూడు మంది. నేల మీద మా తోడికోడలూ, ఒకే ఒక్క కూలామే మిగిలారు.

"ఇది కల్లమా, పెళ్ళి భోజనాలా?" అని అరిచింది మా తోడికోడలు.

"భోజనాలే పిన్నీ! వడ్డించేస్తన్నారు, నువ్వూ రా," అంది నా పక్కనున్న పిల్ల. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె రాలేదు. పంతానికి గొంతుకూర్చునే ఏరింది. ఎనిమిదో రోజు సాయంత్రం నాలుగూ నలభైకి లేవబోయి, లేవలేక, నా వైపు చెయ్యి చాచింది.

"అక్కా, కాస్త పట్టుకోవే."

స్టూలు మీంచి చేతులు ఆనించకుండా లేచాను, ఆమె చూసేలా. నడిచి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. మనసులో ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాను. పన్నెండు దగ్గర ఆమెకు సంగతి అర్థమైంది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇరవై దగ్గర నేను చెయ్యి చాపితే పట్టుకోలేదు. కూలామె భుజం ఆసరాతో లేచి, కుంటుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ మూడు పనులూ ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు.

నాకు పోయినవి ఇవి. నలభై రోజులు మంచం మీద. కుడి తొడలో ఇంకా తిరిగి రాని అర సెంటీమీటరు. నేల మీద కూర్చుని చేసే భోజనం. వాకిట్లో వంగి వేసే ముగ్గు. వరసలో ఇరవై ఆరేళ్ళ మొదటి చోటు. చెక్కల చుట్టూ కూర్చుంటే మొదలూ చివరా లేవు. రోజూ సాయంత్రం టీకి మా ఇంటికొచ్చే మనిషి ఒకరు.